గ్రనాడాకు అద్దె కారులో: బుకింగ్ నుంచి తాళాలు తిరిగి ఇచ్చేదాకా

స్పెయిన్‌లోని గ్రనాడా ఊరు. అక్కడ అల్బైసీన్ అనే పాత పేటలో ఒక సందు. రెండు పక్కలా సున్నం కొట్టిన గోడలు, కింద గులకరాళ్లు పరిచిన ఎత్తు. కారు అద్దాలు రెండూ మడిచేశాను. మా ఆవిడ దిగి ముందు నడుస్తూ "రండి, రండి... ఆగండి" అంటోంది. గోడ మీద సరిగ్గా కారు తలుపు ఎత్తులో ఎరుపు, నీలం, వెండి రంగు గీతలు. అన్నీ మాకంటే ముందు ఇరుక్కున్నవాళ్లవే. ఫోన్‌లో మ్యాపు మాత్రం "200 మీటర్లు నేరుగా వెళ్లండి" అంటూనే ఉంది.

గీత పడకుండానే బయటపడ్డాం. హైదరాబాద్ వచ్చి అంతా మర్చిపోయాక, ఒకరోజు కార్డు మీద అద్దె కంపెనీ సర్వీసు ఛార్జీ పడింది. దాని వెనకే మెయిల్లో ఫైను నోటీసు. ఆ సందు మొదట్లో ఉన్న బోర్డు నేను చదవలేదు, అక్కడున్న కెమెరా మాత్రం మా నంబరు ప్లేటు చదివేసింది.

అందుకే ముందే చెప్పేస్తున్నాను. గ్రనాడా ఊళ్లో కారుతో పని లేదు. గ్రనాడా చుట్టుపక్కల చూడాలంటే కారు లేకుండా పని జరగదు. మిగతా ప్లానంతా ఈ లెక్క మీదే వేసుకోండి.

1. కారు ఏ రోజు నుంచి కావాలో తేల్చుకోండి

చాలామంది గ్రనాడాకు గంటన్నర దూరంలో ఉన్న మాలగా విమానాశ్రయంలో దిగగానే కారు తీసుకుని, ట్రిప్పు అయ్యేదాకా ఉంచుకుంటారు. గ్రనాడాలో ఉన్న రెండు మూడు రోజులూ ఆ కారు పార్కింగ్‌లో నిద్రపోతుంది. కారుకు అద్దె ఒక పక్క, అది నిద్రపోయినందుకు పార్కింగ్ అద్దె ఇంకో పక్క.

ఇద్దరే వెళ్తుంటే, సామాను తక్కువుంటే, నా సలహా వేరు. మాలగా నుంచి గ్రనాడాకు బస్సులో వెళ్లండి. మాడ్రిడ్ నుంచి వచ్చేవాళ్లకు 2019 నుంచి హైస్పీడ్ రైలు నేరుగా గ్రనాడాకే ఉంది. ఊళ్లో కొండ మీది అల్హంబ్రా కోటకు సీ30, సీ32, అల్బైసీన్‌కు సీ31 చిన్న బస్సులు తిరుగుతాయి. ఊరు చూడటం అయ్యాక కారు తీసుకుని కొండల వైపు వెళ్లి, దాన్ని మాలగాలో వదిలేయండి. ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో ఇస్తే అదనంగా వసూలు చేయవచ్చు, ఆ మొత్తం బుకింగ్‌లోనే చూసుకోండి. ఊళ్లోని అద్దె ఆఫీసులు మధ్యాహ్నం పూటా ఆదివారాలూ మూసి ఉండే అవకాశం ఎక్కువ. ఆ సమయాలు చూడకుండా బుక్ చేస్తే తాళం వేసిన తలుపు ముందు సూట్‌కేసులతో నిలబడాల్సి వస్తుంది.

పెద్దవాళ్లో చిన్నపిల్లలో వెంట ఉంటే, విమానం రాత్రి పూట దిగితే, విమానాశ్రయంలోనే తీసుకోవడం సుఖం. అప్పుడు బస ఎక్కడ అన్నది మారాలి. దాని గురించి గ్రనాడాలోకి వెళ్లేటప్పుడు చెప్తాను.

రోజు లెక్క 24 గంటలది. సోమవారం మధ్యాహ్నం 3కు తీసుకుని గురువారం సాయంత్రం 5కు ఇస్తే సాధారణంగా నాలుగో రోజు అద్దె కూడా పడుతుంది.

2. లైసెన్సు, కార్డు

ఇండియా లైసెన్సు ఒక్కటే పట్టుకెళ్తే చాలదు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి, అందరూ ఐడీపీ అంటారు. బయల్దేరకముందే మన ఆర్టీఏ ఆఫీసు ద్వారా తీసుకోవాలి. ఫీజు 1000 రూపాయలు, పైన సర్వీసు ఛార్జీలు. ఏడాది చెల్లుతుంది. పాస్‌పోర్టు, వీసా కాపీలు దగ్గర పెట్టుకుని వెళ్లండి. వీసా వచ్చిన వారంలోనే ఈ పని పెట్టుకుంటే చివర్లో టెన్షన్ ఉండదు. ఐడీపీ అనేది మన లైసెన్సుకు అనువాదం లాంటిది, కాబట్టి అసలు లైసెన్సు కూడా చేతిలో ఉండాలి. రెండింట్లో ఏది లేకపోయినా కౌంటర్ దగ్గర తాళాలు ఇవ్వకపోవచ్చు.

అమెరికాలో ఉండే మనవాళ్లు అక్కడి లైసెన్సుతో వస్తుంటే ట్రిపుల్ ఏ అనే అక్కడి వాహనదారుల సంఘం దగ్గర ఐడీపీ తీసుకోవాలి. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి ఈయూ దేశాల లైసెన్సు ఉన్నవాళ్లకు ఆ బాధ లేదు.

కార్డు దగ్గర చాలామంది దెబ్బ తింటారు. డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డు అడుగుతారు, అది కూడా కారు ఎవరి పేరు మీద బుక్ అయిందో వాళ్ల కార్డే. భర్త నడిపి భార్య కార్డు ఇస్తానంటే కుదరదు. డెబిట్ కార్డు కొన్ని కంపెనీలు తీసుకుంటాయి, తీసుకున్నా వాళ్ల ఖరీదైన ఇన్సూరెన్సు కొనమంటాయి. వీసా, మాస్టర్‌కార్డ్ అయితే ఇబ్బంది ఉండదు. మన బ్యాంకులు కొత్త కార్డులకు విదేశీ వాడకాన్ని ఆపేసి ఇస్తాయి. యాప్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేసి, లిమిటు పెంచుకుని వెళ్లండి. డిపాజిట్ కారును బట్టి కొన్ని వందల యూరోల నుంచి 1000 యూరోలు దాటేదాకా ఉంటుంది. ఆ డబ్బు కట్ కాదు, బ్లాక్ అవుతుంది. కానీ ట్రిప్పు మొత్తం ఆ మేరకు మీ లిమిటు తగ్గినట్టే, కాబట్టి హోటళ్లకు ఇంకో కార్డు ఉండాలి.

స్వైపు మిషను "రూపాయల్లోనా, యూరోల్లోనా?" అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు చూడగానే ప్రాణం లేచొస్తుంది కానీ, ఆ రేటులో వాళ్ల కమీషన్ కలిపే ఉంటుంది.

3. ఏ కారు బుక్ చేయాలి

చిన్నది. డిక్కీలో రెండు సూట్‌కేసులు పట్టేంత చిన్నది. పాత ఊళ్ల సందులకూ భూగర్భ పార్కింగుల మలుపులకూ పెద్ద కారు శిక్షే.

స్పెయిన్‌లో మామూలుగా ఇచ్చేది గేర్ల కారు. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయాలి, అద్దె ఎక్కువ. మనకు గేర్లు అలవాటే కదా అనుకోకండి. అక్కడ స్టీరింగు ఎడమవైపు, గేరు కుడిచేత్తో వేయాలి. 20 ఏళ్లుగా ఎడమచేత్తో వేసిన అలవాటుకు మొదటి రోజంతా చెయ్యి తలుపు హ్యాండిల్ మీదకే పోతుంది. ఎవరు డ్రైవ్ చేస్తున్నా, ఆటోమేటిక్‌కు పెట్టే అదనపు డబ్బు నా దృష్టిలో దండగ కాదు.

ఇంధనం పాలసీ "ఫుల్ టు ఫుల్" అని ఉన్నదే తీసుకోండి: నిండుగా ఇస్తారు, నిండుగా ఇచ్చేయాలి. "ఫుల్ టు ఎంప్టీ" అంటే ట్యాంకు మొత్తానికి వాళ్లు చెప్పిన రేటు ముందే కట్టి, మిగిలినది వాళ్లకు దానం చేయడం. రెండో డ్రైవర్ ఉంటే పేరు రాయించాలి, దానికి రోజుకింత తీసుకుంటారు. పేరు లేనివాళ్లు నడిపి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వర్తించదు. 25 ఏళ్ల లోపు వాళ్ల దగ్గర చాలా కంపెనీలు అదనంగా వసూలు చేస్తాయి. 135 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు వెనక సీట్లో వాళ్లకు తగ్గ చైల్డ్ సీటు తప్పనిసరి. బుకింగ్‌లోనే అడిగి పెట్టుకోండి.

4. ఇన్సూరెన్సు: కౌంటర్ దగ్గర కాదు, ఇంట్లో ఆలోచించండి

ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా అద్దెలోనే ఉంటుంది, అది చట్టం. మన అద్దె కారుకు దెబ్బ తగిలితే సీడీడబ్ల్యూ అనే కవరేజీ ఉంటుంది. దాంట్లో మెలిక ఏమిటంటే, ఫలానా మొత్తం దాకా నష్టం మనదే, ఆపైన ఉన్నది వాళ్లది. ఆ ఫలానా మొత్తాన్ని స్పానిష్‌లో ఫ్రాంకీసియా అంటారు. ఉదాహరణకు అది 1200 యూరోలు అనుకుందాం. బంపర్ సొట్టకు 400 యూరోల బిల్లు వేస్తే ఆ 400 మనమే కట్టాలి. పైగా టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం, పోగొట్టుకున్న తాళం చాలా సందర్భాల్లో ఈ కవరేజీలోకి రావు. రాళ్లు పరిచిన సందుల్లో, కొండ రోడ్ల మీద దెబ్బ తినేది సరిగ్గా ఇవే.

ఇక్కడ మూడు దార్లున్నాయి. ఒకటి, కంపెనీ దగ్గరే ఫ్రాంకీసియా సున్నా అయ్యే పూర్తి కవరేజీ కొనడం. ఖరీదు ఎక్కువ, కొన్నిసార్లు కారు అద్దెను మించిపోతుంది. కానీ డిపాజిట్ బాగా తగ్గుతుంది, గీత పడినా తాళాలిచ్చి వెళ్లిపోవచ్చు. రెండు, బయటి బీమా సంస్థ దగ్గర, ఆ ఫ్రాంకీసియా మొత్తాన్ని తిరిగి ఇచ్చే ఎక్సెస్ పాలసీ కొనడం. ఇది చవక. అయితే అద్దె కంపెనీ ముందు మన కార్డు నుంచే డబ్బు తీసుకుంటుంది, తర్వాత బిల్లులు పెట్టి మనం క్లెయిమ్ చేసుకోవాలి. పైగా డిపాజిట్ పూర్తిగా బ్లాక్ అవుతుంది. మూడు, ఏదీ కొనకుండా దేవుడి మీద భారం వేయడం.

బుకింగ్ సైట్లో అమ్మే "పూర్తి రక్షణ" చాలావరకు రెండో రకమే. కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లు "మాకు అది చెల్లదండీ" అంటే అబద్ధం చెప్తున్నారని కాదు. అది వాళ్ల పాలసీ కాదు కాబట్టి డిపాజిట్ తగ్గించలేరు. ఈ ముక్క తెలియక చాలామంది రెండుసార్లు బీమా కొంటారు. స్టీరింగు ఎటు ఉంటుందో ఇంకా అలవాటు లేని మొదటిసారికైతే నేను మొదటి దారినే చెప్తాను. కౌంటర్లో అప్పటికప్పుడు కొనకుండా, అదే కంపెనీ సైట్లో బుకింగ్ చేసేటప్పుడే రేటు పోల్చి చూసుకోండి.

5. తాళాలు చేతికి వచ్చాక పది నిమిషాలు

మాలగాలో కొన్ని కంపెనీల కౌంటర్లు టెర్మినల్లోనే ఉన్నాయి. కొన్నింటికి షటిల్ వ్యానులో బయటికి వెళ్లాలి. చవక రేట్లు ఎక్కువగా ఈ రెండో రకానివే. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ సమయం కలుపుకోండి.

కారు చుట్టూ ఆగకుండా ఒకే వీడియో తీయండి. బంపర్ కింది అంచులు, నాలుగు చక్రాల రిమ్ములు, ముందు అద్దం, పైకప్పు, లోపల సీట్లు, చివరగా డ్యాష్‌బోర్డు మీద కిలోమీటర్లు, ఇంధనం ముల్లు. పార్కింగ్ చీకటిగా ఉంటే ఫోన్ లైటు వేయండి, రిమ్ముల గీతలు లైట్లోనే కనపడతాయి. వాళ్లిచ్చిన కాగితంలో లేని గీత కనిపిస్తే కదలకముందే రాయించండి. కార్లో ప్రతిఫలన జాకెట్, పైకప్పు మీద పెట్టే వీ16 హెచ్చరిక దీపం ఉన్నాయో లేదో చూడండి. 2026 జనవరి 1 నుంచి స్పెయిన్ కార్లకు త్రికోణాల బదులు ఆ దీపమే తప్పనిసరి.

ట్యాంకు మూత తీసి లోపలి గుర్తు కూడా చూసుకోండి. గుండ్రటి గుర్తులో ఇ అక్షరం ఉంటే పెట్రోలు, చతురస్రంలో బి ఉంటే డీజిల్. ఎందుకు చెప్తున్నానంటే, అక్కడ పెట్రోలును గాసోలినా అంటారు, డీజిల్‌ను గాసోలియో అంటారు. బంకులో నిద్రమత్తులో ఉన్నవాడికి ఈ రెండూ ఒకటే.

6. మొదటి అరగంట

పార్కింగ్‌లోనే రెండు రౌండ్లు కొట్టండి. మన మారుతి, హ్యుందాయ్‌లలో ఇండికేటర్ కాడ కుడిచేతి వైపు ఉంటుంది, అక్కడ ఎడమచేతి వైపు. మొదటి రోజు నేను మలుపు తిరిగిన ప్రతిసారీ మండుటెండలో వైపర్లు ఆడాయి. వెనక కూర్చున్న మా అబ్బాయి "నాన్నా, వాన" అనేవాడు.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: డ్రైవర్ ఎప్పుడూ రోడ్డు మధ్య గీత వైపు ఉండాలి. మీరు రోడ్డు అంచు వైపు కూర్చుని ఉన్నారంటే తప్పు వైపు నడుపుతున్నట్టే. రౌండెబౌట్‌లో కుడివైపుకు తిరిగి చేరాలి, లోపల తిరుగుతున్న బండికి దారివ్వాలి, బయటికి వచ్చేటప్పుడు బయటి లేనులో ఉండాలి. లోపలి లేనులో ఇరుక్కుపోతే కంగారుపడి అడ్డంగా కోయకండి, ఇంకో రౌండు తిరగండి.

వేగం హద్దులు: మోటార్‌వేల మీద 120, మామూలు రోడ్ల మీద 90, ఊళ్లో 50. ఊళ్లో ఒక్కో దిక్కుకు ఒకటే లేను ఉన్న వీధుల్లో 2021 మే నుంచి 30. పాత ఊళ్లలో అన్నీ ఇలాంటివే. ఓవర్‌టేక్ ఎడమ నుంచే, అయ్యాక తిరిగి కుడి లేనులోకి రావాలి. హారన్ సంగతి మర్చిపోండి. సైక్లిస్టును దాటేటప్పుడు మీటరున్నర ఎడం వదలాలి. ఫైను పడితే 20 రోజుల్లో కట్టినవాళ్లకు సాధారణంగా సగమే.

7. మాలగా నుంచి గ్రనాడా దాకా

దూరం సుమారు 130 కిలోమీటర్లు, గంటన్నర. మాలగా దాటగానే ఉత్తరానికి రెండు రోడ్లు: ఏ-45, ఏపీ-46. ముందు ఏపీ ఉందంటే టోల్ ఉండే అవకాశం ఎక్కువ. టోల్ రోడ్డు ఖాళీగా, సాఫీగా ఉంటుంది. ఉచితమైనది కొంచెం మెలికలు తిరుగుతుంది, అంతే తేడా. రెండూ లాస్ పెద్రీసాస్ దగ్గర కలుస్తాయి. అక్కణ్ణుంచి ఏ-92ఎం, తర్వాత ఏ-92.

దారి పొడవునా కొండల మీద దువ్వెనతో దువ్వినట్టు ఆలివ్ తోటలు. లోహా దగ్గర రియోఫ్రియోలో ఆగి కాఫీ తాగండి. ఎగ్జిట్ తప్పిపోతే కంగారు వద్దు. "కాంబియో దే సెంతీదో" అనే బోర్డు వస్తుంది, యూటర్న్ తీసుకునే చోటు అదే.

గ్రనాడా ఇంకో పది, పన్నెండు కిలోమీటర్లుందనగా సాంతా ఫే అనే చిన్న ఊరు వస్తుంది. 1492 జనవరిలో గ్రనాడా చివరి సుల్తాను బోఅబ్దిల్ కోటను అప్పగించాడు. అదే ఏడాది ఏప్రిల్లో ఈ సాంతా ఫేలోనే రాణి ఇసబెల్, రాజు ఫెర్నాందో కొలంబస్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఆయన వెతికిన దారి మన దేశానికి, తేలిన చోటు వేరు. మ్యాపు లేకపోతే అంతే అని మా అబ్బాయి అన్నాడు. మ్యాపు ఉన్నా అంతేనని ఇంకో గంటలో తేలింది.

8. గ్రనాడాలోకి: "సెంత్రో" (ఊరి నడిబొడ్డు) బోర్డు చూసి తిరగకండి

గ్రాన్ వియా, రెయెస్ కతోలికోస్ లాంటి ప్రధాన వీధులు, అల్బైసీన్, రెయాలెహో సందుల్లో చాలాచోట్ల బస్సులకు, టాక్సీలకు, అనుమతి ఉన్నవాళ్లకే ప్రవేశం. బారికేడ్ ఉండదు, పోలీసు ఉండడు. ఎర్ర వలయం బోర్డు, దాని కింద "ఎక్సెప్తో ఔతోరిసాదోస్" అని రాసి ఉంటుంది. అంటే అనుమతి ఉన్నవాళ్లు తప్ప అని. పైన కెమెరా. మ్యాపు యాప్‌కు ఈ సంగతి ప్రతిసారీ తెలియదు. దగ్గరి దారి చూపించడమే దానికి తెలిసిన విద్య.

హోటల్ ఆ ప్రాంతంలో ఉంటే ముందే రాసి అడగండి: కారులో రావచ్చా, ఏ దారిన రావాలి, మా నంబరు ప్లేటు మీరు నమోదు చేయిస్తారా? నంబరు కారు తీసుకున్నాకే తెలుస్తుంది కాబట్టి పార్కింగ్‌లోంచే ఫొటో పంపండి. "చేయించాం" అని వాళ్లు రాతలో జవాబిచ్చాకే లోపలికి వెళ్లండి. నేను ఆ సందు ఎక్కింది ఇదేదీ అడగకుండానే.

కారుతోనే వచ్చేవాళ్లకు అన్నిటికంటే తేలిక, అల్హంబ్రా దగ్గరి పార్కింగ్. ఊళ్లోకి అసలు రాకుండా ఏ-92 నుంచి ఏ-44లో మోత్రిల్ వైపు దిగి, ఏ-395 పట్టుకోండి. రోందా సుర్, అల్హంబ్రా, సియెర్రా నెవాడా అని బోర్డులుంటాయి. కొండ వెనక నుంచి ఎక్కి నేరుగా టికెట్ పెవిలియన్ దగ్గరున్న పార్కింగ్‌లో తేలతారు. గంటల లెక్కన డబ్బు కట్టాలి. సామాను కనపడేలా సీట్ల మీద వదలకండి. బస కూడా ఈ కొండ వైపో, ఊరి అంచున సొంత పార్కింగ్ ఉన్నచోటో చూసుకుని, ఊళ్లోకి చిన్న బస్సులో దిగండి.

వీధిలో ఆపాల్సి వస్తే గీతల రంగు చూడండి. నీలం అంటే డబ్బు కట్టి కొద్ది గంటలు, పచ్చ అంటే ముఖ్యంగా అక్కడివాళ్లకు, పసుపు అంటే వద్దు. తెలుపు దొరికితే మీ అదృష్టం.

అల్హంబ్రా టికెట్టుకూ కారుకూ ఒక లంకె ఉంది. టికెట్ మీద, కోట లోపలి నస్రీద్ రాజభవనాల్లోకి వెళ్లే సమయం అచ్చువేసి ఉంటుంది. ఆ సమయం దాటితే పంపరు. పార్కింగ్ నుంచి ఆ ద్వారం దాకా తోటల పక్కగా 20 నిమిషాల నడక, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో ఇంకా ఎక్కువ. మాలగా నుంచి అదే రోజు వస్తుంటే మధ్యలో కనీసం రెండు గంటలు చేతిలో ఉంచుకోండి. టికెట్లు చాలా ముందే అయిపోతాయి కాబట్టి, ముందు టికెట్, తర్వాత కారు, ఆ వరుసలో బుక్ చేయండి. టికెట్ మీద ఉన్న పాస్‌పోర్టు వెంట ఉండాలి. పన్నెండు సింహాల ప్రాంగణం దగ్గర తీరిగ్గా నిలబడాలంటే పార్కింగ్ గడియారం గుర్తు రాకూడదు మరి.

సాయంత్రం బార్లో పానీయం చెప్తే గ్రనాడాలో చాలాచోట్ల పక్కన తపా అనే చిరుతిండి ఉచితంగా వస్తుంది. డ్రైవింగ్ ఉంటే "సిన్ అల్కోల్" అని అడగండి, ఆల్కహాల్ లేని బీరు ఇస్తారు. తపా దానికీ వస్తుంది.

9. కారు ఎందుకు తీసుకున్నామో తెలిసే రోజు

గ్రనాడా నుంచి దక్షిణంగా ఏ-44. కాసేపటికి "సుస్పీరో దెల్ మోరో" అనే కనుమ వస్తుంది. కోట ఇచ్చేసి వెళ్తూ బోఅబ్దిల్ ఇక్కడే వెనక్కి తిరిగి చూసి నిట్టూర్చాడని కథ. ఇంకాస్త ముందుకెళ్లి లాన్హరోన్ వైపు ఏ-348, ఓర్హివా దగ్గర ఏ-4132. ఇక్కడి నుంచి అల్పుహార్రా కొండలు. దూరం సుమారు 70 కిలోమీటర్లే, అయినా గంటన్నర వేసుకోండి. సెకండ్, థర్డ్ గేర్ల రోడ్డిది. ఎదురుగా బస్సు వస్తే మలుపు ముందే ఆగిపోండి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టకుండా గేరు తగ్గించండి. మన శ్రీశైలం ఘాట్ నడిపినవాళ్లకు ఇది కొత్త కాదు, వైపు మారిందంతే.

పంపనేయిరా, బుబియోన్, కపిలేయిరా అనే మూడు ఊళ్లు ఒకదాని మీద ఒకటి మెట్లెక్కినట్టు ఉంటాయి. ఊరి మొదట్లో జాగా దొరికిన చోట కారు వదిలి నడవండి. ఇళ్లన్నీ తెల్లటి మిద్దెలు, చదునైన కప్పులు, టోపీ పెట్టిన పొగగొట్టాలు. కప్పు మీద లౌనా అనే బూడిదరంగు మట్టి పోస్తారు, వాన నీరు దిగదు. అనంతపురం వైపు మట్టి మిద్దెల మీద చౌడు పోసినట్టే. మా అమ్మ వాళ్ల ఊరి మిద్దె గుర్తొచ్చి అక్కడే చాలాసేపు కూర్చున్నాను. పైన సియెర్రా నెవాడా మంచు, అందులోనే ములాసెన్, 3479 మీటర్లు.

చలికాలంలో పై రోడ్ల మీద మంచు పడుతుంది, చక్రాలకు గొలుసులు అడగవచ్చు. అలాంటప్పుడు కపిలేయిరా దాకా చాలు. బంకులు కొండ మీద వెతుక్కోకుండా ఓర్హివాలోనే నింపుకోండి. "యేనో, పోర్ ఫవోర్" అంటే ఫుల్ చేయమని.

10. తిరిగి ఇవ్వడం

విమానాశ్రయానికి దగ్గర్లో ట్యాంకు నింపి రసీదు తీసుకోండి. 50 కిలోమీటర్ల ముందే నింపితే ముల్లు కిందికి జారుతుంది, ఆ కాస్తకే వాళ్ల రేటు వేస్తారు. షటిల్ కంపెనీ అయితే విమానం కోసం అనుకున్న సమయానికి ముప్పావుగంట కలపండి. మొదట తీసినట్టే మళ్లీ వీడియో. ఎదురుగా కారు చూసి "సరిగ్గా ఉంది" అన్న కాగితమో మెయిలో అడగండి. అర్ధరాత్రి తాళాలు డబ్బాలో వేసి వచ్చేస్తే, తెల్లారేదాకా ఆ కారు మీ పూచీలోనే ఉన్నట్టు. అప్పుడు కారు ఆపిన గడి నంబరు కూడా వీడియోలో పడాలి.

డిపాజిట్ విడుదల కావడానికి కొన్ని రోజులు, మన బ్యాంకుల్లో ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా వీడియోలు, రసీదు, ఒప్పందం కాగితం ఫోన్‌లోంచి తీసేయకండి. కెమెరా ఫైను అంతకంటే ఆలస్యంగా వస్తుంది. మాది వచ్చినప్పుడు, 20 రోజుల గడువులో అప్పటికే 12 అయిపోయాయి.